గుండె శస్త్రచికిత్స తర్వాత మత్తు స్థాయి అంచనా: ఒకే రోగికి ఇద్దరం రెండు స్కోర్లు వేశాం

తొలిఝాము, స్టాఫ్ నర్సు

సభ్యులందరికీ నమస్కారం. ఐదేళ్లు మెడికల్ ఐసీయూలో పనిచేసిన తర్వాత, మూడు నెలల క్రితం గుండె శస్త్రచికిత్సల ఐసీయూకి మారాను. ఇక్కడ జరిగిన ఒక సంఘటన వారం రోజులుగా నన్ను వదలడం లేదు. బైపాస్ శస్త్రచికిత్స ముగిసి నాలుగు గంటలైన ఒక పెద్దాయన వెంటిలేటర్ మీద ఉన్నారు. ప్రొపోఫాల్ అనే మత్తు మందు ఇన్‌ఫ్యూజన్‌గా నడుస్తోంది. షిఫ్ట్ ముగిసే ముందు నేను ఆయన రాస్ స్కోరు (మత్తు ఎంత లోతుగా ఉందో చెప్పే అంకె, మైనస్ పెరిగేకొద్దీ మత్తు ఎక్కువ) మైనస్ 4 అని చార్టులో రాశాను. నా తర్వాత డ్యూటీకి వచ్చిన సిస్టర్ పది నిమిషాలకే పరీక్షించి మైనస్ 2 అని రాశారు. ఆ మధ్యలో మందు మోతాదును ఎవరమూ ముట్టుకోలేదు.

నా స్కోరు ప్రకారం మందు వెంటనే తగ్గించాలి. ఆమె స్కోరు ప్రకారం ఆయన ఉండవలసిన స్థాయిలోనే ఉన్నారు. అంటే పరీక్షించిన మనిషిని బట్టి వైద్యమే మారిపోయే పరిస్థితి అది.

నాకు ఇబ్బంది ఎదురైనది స్పర్శ దశలో. పాత చోట, పిలిస్తే పలకని రోగికి రొమ్ము మధ్య ఎముక మీద పిడికిలితో రుద్ది చూసేవాళ్లం. ఇక్కడ ఆ ఎముకనే నిలువునా కోసి, తీగలతో బిగించి కుట్టారు. దాని మీద చెయ్యి వేయడానికే మనసు రాలేదు. భుజం మీద తట్టాను, ఆయన చేయి కదిపారు, అందుకని మైనస్ 4 వేశాను. నేను ఎక్కడ పొరపడ్డానో పెద్దలు చెప్పగలరా? ఈ రోగుల విషయంలో ప్రత్యేకంగా పాటించవలసినవి ఉంటే అవీ చెప్పండి.

పాఠం సిస్టర్, నర్సింగ్ ట్యూటర్

తొలిఝాము గారూ, మీ చేయి ఆగడం మంచిదే అయింది. రొమ్మెముకను కోసిన రోగికి ఆ చోట ఎవరూ రుద్దకూడదు. రాస్ స్కేలులో భుజం కదిలించడం గాని, రొమ్మెముక రుద్దడం గాని అని రెండు మార్గాలూ ఉన్నాయి. మన రోగులకు మొదటిదే మన మార్గం. అంతకంటే బలమైన ప్రేరణ అవసరమైతే మెడకూ భుజానికీ మధ్య ఉండే కండరాన్ని వేళ్లతో పట్టి నొక్కవచ్చు, లేదా గోటి మొదట్లో పెన్నుతో ఒత్తవచ్చు. రక్తపోటు కొలిచే ధమని గొట్టం ఉన్న చేతిని మాత్రం వదిలేసి రెండో చేతిని ఎంచుకోండి.

అయితే తేడా స్పర్శ దశలో వచ్చిందని నేను అనుకోవడం లేదు. అంతకు ముందరి దశను మీరు పూర్తి చేయలేదేమో. ఈ స్కేలును రిచ్‌మండ్‌లోని బృందం 2002లో ప్రచురించింది. ప్లస్ 4 నుంచి మైనస్ 5 దాకా పది మెట్లు ఉన్న ఈ స్కేలులో అసలు బలం మెట్లలో లేదు, వాటిని ఎక్కే క్రమంలో ఉంది. ముందు రోగిని ముట్టుకోకుండా, పిలవకుండా అర నిమిషం చూడాలి. మెలకువగా ఉంటే సున్నా గాని, ఆందోళన ఉంటే ప్లస్ అంకె గాని అక్కడే తేలుతుంది. మెలకువగా లేకపోతే పేరు పెట్టి గట్టిగా పిలిచి, కళ్లు తెరిచి నా వైపు చూడండి అని చెప్పాలి. అవసరమైతే మళ్లీ పిలవాలి. చూపు కలిపి పది సెకన్లకు పైగా నిలిపితే మైనస్ 1, చూపు కలిసినా పది సెకన్లు నిలవకపోతే మైనస్ 2, చూపు కలపకుండా ఏదో ఒక కదలిక మాత్రమే ఉంటే మైనస్ 3. గొంతుకు ఏ స్పందనా లేదని తేలిన తర్వాతే చెయ్యి వేయాలి. స్పర్శకు కదిలితే మైనస్ 4, దానికీ కదలకపోతే మైనస్ 5.

మీరు ఆయనను ఎలా పిలిచారో గుర్తు చేసుకోండి.

తొలిఝాము, స్టాఫ్ నర్సు

మేడమ్, మీరు అడిగాక గుర్తొచ్చింది. పేరు పెట్టలేదు. "బాబాయ్ గారూ, కళ్లు తెరవండి" అని మామూలు గొంతుతో ఒక్కసారి అన్నాను. పక్క మంచం దగ్గర మానిటర్ అలారం మోగుతోంది. ఆ వచ్చిన సిస్టర్ ఆయన చెవి దగ్గరకు వంగి పూర్తి పేరుతో రెండు సార్లు పిలిచారు. ఆయనకు వినికిడి యంత్రం ఉందనీ, శస్త్రచికిత్సకు ముందు దాన్ని తీసి సంచిలో పెట్టారనీ మరునాడు ఇంటివాళ్లు చెబితే తెలిసింది.

పాఠం సిస్టర్, నర్సింగ్ ట్యూటర్

మీ రెండు అంకెల తేడా అక్కడే ఉంది. మీరు కొలిచింది ఆయన మత్తును కాదు, ఆయన వినికిడిని.

మరొక విషయం కూడా చూడండి. గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద గంటల తరబడి ఉండి వచ్చినవారికి ఒంట్లో నీరు చేరి కనురెప్పలు వాస్తాయి. థియేటర్‌లో కళ్లకు రాసిన లేపనం కూడా ఇంకా ఉండవచ్చు. రెప్ప పైకి లేవడం లేదంటే మెలకువ లేదని అర్థం కాదు. అలాంటప్పుడు చేతి వేలు నొక్కమని గాని, నాలుక బయట పెట్టమని గాని అడిగి చూసి, అంకె పక్కనే "రెప్పల వాపు ఉంది" అని ఒక మాట రాయాలి. పెద్ద చదువు అక్కరలేని చిన్న అలవాటు ఇది, కానీ తర్వాత వచ్చేవారికి ఎంతో మేలు చేస్తుంది.

గాఢనిద్ర, గుండె విభాగపు మత్తు వైద్యుడు

పై చర్చ చదివి, నా వైపు నుంచి ఒక హెచ్చరిక చేర్చాలని రాస్తున్నాను. థియేటర్ నుంచి వచ్చిన తొలి గంటల్లో మైనస్ 4, మైనస్ 5 చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది మత్తు మందు కాదు, కండరాలను సడలించే మందు. రోకురోనియం వంటివాటి ప్రభావం పూర్తిగా దిగకముందు రోగి లోపల మెలకువగా ఉండి కూడా వేలు కదపలేకపోవచ్చు. అప్పుడు రాస్, రామ్సే, రైకర్ ఏ స్కేలు వాడినా అది అబద్ధమే చెబుతుంది. ఎందుకంటే ఇవన్నీ కదలికను చూసి మెలకువను ఊహించే స్కేళ్లు. నాడిని ప్రేరేపించే చిన్న పరికరంతో నాలుగు వరుస ప్రేరణలు ఇచ్చి, నాలుగో స్పందన మొదటిదానిలో 0.9 వంతుకు చేరిందని కొలిచి నిర్ధారించుకునే దాకా, స్పందన లేని రోగికి ప్రొపోఫాల్ ఆపేసి మెలకువ వస్తుందా అని ఎదురుచూడటం క్రూరత్వమవుతుంది. ఇది కొంచెం కటువైన మాటే. కానీ కళ్లు తెరవలేని స్థితిలో అంతా వింటూ, నొప్పి అనుభవిస్తూ పడుకోవడం ఎలాంటిదో ఊహించుకుంటే నాకు మరో మాట తోచదు.

రెండోది శరీర ఉష్ణోగ్రత. చల్లబడిన ఒంట్లో మందులు విరగడం నెమ్మదిస్తుంది. ఒళ్లు వెచ్చబడి, రక్తస్రావం అదుపులోకి వచ్చి, రక్తపోటు నిలకడగా ఉంటేనే మెలకువకు తేవడం మొదలుపెడతాం. వణుకు వస్తే ఆక్సిజన్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, ఇప్పుడే కోలుకుంటున్న గుండె దాన్ని భరించలేకపోవచ్చు. అందుకని స్కోరు రాసే గడి పక్కనే ఉష్ణోగ్రత గడి కూడా ఉండాలని నేను పట్టుబడతాను.

మూడోజాము, ఐసీయూ వైద్యురాలు

గాఢనిద్ర గారు చెప్పిన మొదటి విషయంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే "ఒళ్లు వెచ్చబడే దాకా ఆగుదాం, రక్తస్రావం తగ్గే దాకా ఆగుదాం" అన్న మాటే చాలా చోట్ల తెల్లవారే దాకా గాఢమైన మత్తులో ఉంచడానికి సాకుగా మారుతోందని కూడా చెప్పాలి. ఇబ్బందులేమీ లేని రోగికి ఆరు గంటల లోపు గొంతులోని శ్వాస ట్యూబు తీయడం ఇవాళ గుండె శస్త్రచికిత్సల తర్వాత సంరక్షణలో ఆమోదం పొందిన లక్ష్యం. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు వెంటిలేటర్ మీద ఉన్న పెద్దవారికి తేలికపాటి మత్తునే సూచించాయి. రాస్ లెక్కలో దాన్ని మైనస్ 2 నుంచి ప్లస్ 1 దాకా అనుకోవచ్చు.

అందుకే ప్రతి రోగి చార్టులో రెండు అంకెలు ఉండాలని అంటాను: ఇప్పుడున్న స్థాయి, ఉండవలసిన స్థాయి. రెండోది వైద్యులు రాయాలి, ఎందుకో కూడా రాయాలి. ఛాతీని మూయకుండా వదిలిన రోగికి మైనస్ 4 మనం కోరుకున్నదే. తొడ ధమని గుండా గుండెకు తోడుగా పెట్టే బెలూన్ పంపు ఉన్నవారు ఆ కాలు మడవకూడదు, కానీ మాట వినే మనిషికి ఆ మాట చెబితే చాలు, అందుకోసం గాఢనిద్రలో ముంచనక్కరలేదు. ఊపిరితిత్తుల ధమనుల్లో పీడనం ఎక్కువగా ఉన్నవారిని హఠాత్తుగా లేపితే ప్రమాదం. ఇలా రోగిని బట్టి లక్ష్యం మారుతుంది. లక్ష్యం రాయని చార్టులో మైనస్ 4 మంచిదో చెడ్డదో ఎవరు చెప్పగలరు?

గాఢనిద్ర, గుండె విభాగపు మత్తు వైద్యుడు

ఒప్పుకుంటాను. ఆగడానికి కారణం రాయని చోట ఆగడం అలవాటుగా మారుతుందన్నది నిజం. నేను చెప్పిన మూడు షరతులనూ ప్రతి గంటా మళ్లీ చూడాలి, అవి తీరిన గంటలోనే మందు తగ్గించడం మొదలుపెట్టాలి అని నా మాటను సవరించుకుంటున్నాను.

మందులగది, క్లినికల్ ఫార్మసిస్ట్

స్కోరు చదివేటప్పుడు ఏ మందు నడుస్తోందో చూడకుండా చదవవద్దని నా మనవి. ప్రొపోఫాల్ ఆపితే సాధారణంగా నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది, కాబట్టి మోతాదు తగ్గించి కొద్దిసేపట్లోనే మళ్లీ కొలిస్తే అర్థం ఉంటుంది. మిడాజోలామ్ అనే మరో మత్తు మందు అలా కాదు. అది విరిగి ఏర్పడే పదార్థానికి కూడా మత్తు గుణం ఉంది, మూత్రపిండాలు మందగించిన రోగిలో అది పేరుకుపోతుంది. శస్త్రచికిత్స తర్వాత మూత్రపిండాలు దెబ్బతినడం అరుదేమీ కాదు గనుక, మందు ఆపి ఎంతసేపైనా మైనస్ 3 కదలకపోతే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడండి.

డెక్స్‌మెడిటొమిడిన్ అనే మత్తు మందు మీద ఉన్నవారు నిద్రపోతున్నట్టే ఉండి, పిలిస్తే లేచి మాట విని, వదిలేస్తే మళ్లీ నిద్రపోతారు. ఆ మందు స్వభావమే అది. దాన్ని చూసి మోతాదు ఎక్కువైందని కంగారు పడనక్కరలేదు. అయితే గుండె వేగాన్ని, రక్తపోటును అది తగ్గిస్తుందని మరువవద్దు. డెలీరియం (హఠాత్తుగా వచ్చే మానసిక అయోమయం) విషయంలో ఈ మందుకు వచ్చిన పేరు గురించి ఒక మాట. 60 ఏళ్లు దాటిన గుండె శస్త్రచికిత్స రోగుల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో ప్రొపోఫాల్ పొందినవారిలో 31.5 శాతం మందికి, డెక్స్‌మెడిటొమిడిన్ పొందినవారిలో 17.5 శాతం మందికి డెలీరియం కనిపించింది. 2020లో వచ్చిన, సుమారు 800 మందితో చేసిన మరో పెద్ద అధ్యయనంలో, ఉత్తుత్తి మందుతో పోలిస్తే డెలీరియం తగ్గలేదు. రెండింటిలో పోలిక వేరు, మందు మొదలుపెట్టిన సమయం వేరు. కాబట్టి మందు మార్చితే చాలు, పరీక్ష అక్కరలేదు అనుకునే వీలు లేదు.

రెండోపుట్టుక, గతంలో రోగి

నేను వైద్యరంగం మనిషిని కాను. కవాటం మార్పిడి జరిగి నాలుగేళ్లయింది. ఈ చర్చ చదువుతూ ఆగలేక రాస్తున్నాను. ట్యూబు తీయడానికి ముందు కొంతసేపు నాకు బాగా గుర్తుంది. నన్ను ఎవరో పిలుస్తున్నారు. వినపడుతోంది. కళ్లు తెరవాలని నా ఒంట్లో ఉన్న శక్తినంతా కూడదీసుకుంటున్నాను, కానీ రెప్పలు కదలడం లేదు. "ఇంకా మత్తులోనే ఉన్నారు" అని ఒకరు మరొకరితో అన్నారు. ఆ మాట విన్నప్పుడు కలిగిన భయం నొప్పి కంటే పెద్దది. ఇక నేను లోపలే ఉండిపోతానేమో అనిపించింది.

కాసేపటికి ఒక సిస్టర్ నా చేతిని తన చేతిలోకి తీసుకుని, నా పేరు చెప్పి, ఆపరేషన్ అయిపోయిందనీ, గొంతులో గొట్టం ఉంది గనుక మాట రాదనీ, అది త్వరలో తీస్తారనీ చెప్పి, వినపడితే వేలు నొక్కమన్నారు. నొక్కాను. ఆమె "విన్నారు" అని గట్టిగా అందరికీ చెప్పారు. పరీక్ష ఏదైనా కావచ్చు, ముందు మీరు ఎవరో, మేము ఎక్కడున్నామో చెప్పి తర్వాత పరీక్షించమని నా ప్రార్థన.

తొలిఝాము, స్టాఫ్ నర్సు

అయ్యా, మీరు రాసినది ప్రింట్ తీసి మా డ్యూటీ గదిలో పెట్టుకోవడానికి అనుమతిస్తారా? నేను ఒక్కసారి పిలిచి చెయ్యి వేసిన ఆ పెద్దాయన కూడా విన్నారేమో అని ఇప్పుడు బాధగా ఉంది.

రెండో ప్రశ్న కూడా అడుగుతాను. నిన్న రాత్రి మరో రోగి ప్లస్ 2కి వచ్చారు. తల అటూ ఇటూ తిప్పుతూ, వెంటిలేటర్ శ్వాసకు ఎదురు తిరుగుతూ, కాళ్లు కొడుతున్నారు. సెడేషన్ బోలస్ (ఒకేసారి ఇచ్చే మత్తు మోతాదు) ఇవ్వమని నోటి ఆర్డరు వచ్చింది. ఇచ్చాను, మైనస్ 3కి వెళ్లారు. తర్వాత చూస్తే మూత్రపు గొట్టం మడతపడి ఉంది.

మూడోజాము, ఐసీయూ వైద్యురాలు

అనుమతి ఆయనే ఇవ్వాలి, నేను మీ ప్రశ్నకు వస్తాను. ప్లస్ 2 అనేది రోగి ఏం చేస్తున్నాడో చెబుతుంది, ఎందుకు చేస్తున్నాడో చెప్పదు. ఆ కారణాన్ని వెతకకుండా మత్తు ఇస్తే, కారణం అలాగే ఉండి, దాన్ని చెప్పే దారి మాత్రం మూసుకుపోతుంది. ఈ రోగికి అది నిండిన మూత్రాశయం, అదృష్టం. అదే ఆందోళన ఆక్సిజన్ తగ్గడం వల్ల రావచ్చు, ట్యూబులో కఫం అడ్డుపడటం వల్ల రావచ్చు, గుండె నుంచి రక్తప్రసరణ తగ్గడం వల్ల రావచ్చు. ఛాతీ నుంచి రక్తాన్ని బయటికి తెచ్చే డ్రెయిన్లలో ఇప్పటిదాకా బాగా వస్తున్న రక్తం హఠాత్తుగా ఆగి, సెంట్రల్ వీనస్ పీడనం (గుండెకు దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి) పెరిగి, రక్తపోటు పడుతూ రోగి ఆందోళన పడుతుంటే, అది గుండె చుట్టూ రక్తం చేరి నొక్కుతున్న సూచన కావచ్చు. అప్పుడు ఇచ్చే బోలస్ ఉన్న కొద్దిపాటి రక్తపోటును కూడా పడగొడుతుంది. ఆయన ట్యూబు పీకేసుకుంటారన్న భయం న్యాయమైనదే, అందుకు చేయి పట్టుకోవడానికి మరొకరిని పిలవండి. ఆ అర నిమిషంలో ట్యూబు, ఆక్సిజన్, డ్రెయిన్, మూత్రం, నొప్పి చూడవచ్చు.

గాఢనిద్ర, గుండె విభాగపు మత్తు వైద్యుడు

నొప్పి గురించి మన విభాగానికే చెందిన చిక్కు ఒకటి ఉంది. నొప్పి ఉంటే గుండె వేగం పెరుగుతుంది కదా, ఈయనకు 80 దగ్గరే ఉంది, కాబట్టి నొప్పి లేదు అని రాసిన నోట్లు నేను చాలా చూశాను. ఆ 80 గుండెను కొట్టించే పేసింగ్ తీగల ద్వారా మనం పెట్టిన అంకె. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ తీసుకుంటున్నవారిలో కూడా అంతే, వేగం అంతగా పెరగకపోవచ్చు. రక్తపోటు మందులు నడుస్తుంటే ఒత్తిడి అంకె కూడా మన చేతిలోనిదే. ఇలాంటి రోగిలో నొప్పిని ముఖంలో, చేతుల్లో వెతకాలి.

పాఠం సిస్టర్, నర్సింగ్ ట్యూటర్

సరిగ్గా అందుకోసమే సీపాట్ అనే కొలమానం ఉంది. 2006లో వెలువడిన ఇది గుండె శస్త్రచికిత్స జరిగిన రోగుల మీదే రూపొందింది. మాట్లాడలేని రోగి ముఖకవళిక, ఒంటి కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో సర్దుబాటు అనే నాలుగింటికి సున్నా నుంచి 2 దాకా వేసి, మొత్తం 8కి లెక్కిస్తాం. పక్కకు తిప్పేటప్పుడు, ట్యూబులోని కఫాన్ని లాగేటప్పుడు (సక్షన్) కూడా చూడాలి, ఎందుకంటే కదలకుండా పడుకున్నప్పుడు సున్నా వచ్చే రోగికి దగ్గు రాగానే కోసిన ఎముక ప్రాణం తీస్తుంది. మా విద్యార్థులకు నేను నేర్పే క్రమం: ముందు సీపాట్, తర్వాత రాస్. నొప్పికి మందు ఇచ్చాక కూడా ఆందోళన మిగిలితేనే మత్తు ప్రసక్తి.

ఊపిరిబాట, ఫిజియోథెరపిస్ట్

సెడేషన్ తగ్గించే సమయాన్ని మాకు కూడా ముందే చెబితే బాగుంటుంది. మైనస్ 1లో ఉన్న రోగికి ఛాతీకి దిండు హత్తుకుని దగ్గడం నేర్పగలను, మైనస్ 3లో నేర్పలేను.

కొత్తచిగురు, పీజీ విద్యార్థిని

ఇంత శ్రమ ఎందుకు, నుదుటి మీద మెదడు తరంగాలను బట్టి మత్తు లోతు చెప్పే బిస్ సెన్సర్ పెడితే సున్నా నుంచి 100 లోపు అంకె వస్తుంది కదా అని మా యూనిట్‌లో కొందరు అంటున్నారు. దాని మీద మీ అభిప్రాయం ఏమిటి?

గాఢనిద్ర, గుండె విభాగపు మత్తు వైద్యుడు

థియేటర్‌లో 40 నుంచి 60 మధ్య ఉంచడానికి అది నాకు రోజూ పనికొస్తుంది. ఐసీయూలో తేలిక మత్తులో ఉన్న రోగికి నుదుటి కండరం కదిలితే అంకె పెరుగుతుంది, ఒళ్లు చల్లబడితే తగ్గుతుంది, పేసింగ్ సంకేతాలు కూడా కలగజేసుకోవచ్చు. స్పందించగల మనిషికి గొంతుతో పిలిచి చూడటమే మేలైన పరీక్ష. కండరాలు సడలించే మందు ఇన్‌ఫ్యూజన్‌గా నడుస్తున్నవారికి ఏ స్కేలూ పనిచేయదు గనుక, అక్కడ మాత్రం బిస్ తప్పక పెట్టమంటాను.

మూడోజాము, ఐసీయూ వైద్యురాలు

కొత్తచిగురు గారూ, ఈ చర్చలో ఎవరూ ఇంకా ముట్టుకోని రెండు సందర్భాలు మీకోసం రాస్తాను. ఒకటి, మందు ఆపినా లేవని రోగి. మత్తు మిగిలి ఉందనుకోవడం అందరికీ సులభం. చక్కెర, రక్తంలో కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రత, మూత్రపిండాలు, కాలేయం చూశాక కూడా జవాబు దొరకకపోతే మెదడు గురించి ఆలోచించాలి. బృహద్ధమనిని బిగించి వదిలే శస్త్రచికిత్సల్లో చిన్న ముక్కలు మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. రాస్ అంకె ఒక్కటే రాస్తే కుడి చేయి కదిలి ఎడమ చేయి కదలని సంగతి ఎక్కడా నమోదు కాదు. అందుకని తొలి మెలకువలోనే రెండు చేతులూ, రెండు కాళ్లూ, కనుపాపలూ విడివిడిగా చూసి రాయండి. రక్తస్రావం తగ్గించడానికి ఎక్కువ మోతాదులో ఇచ్చిన ట్రానెక్సామిక్ ఆమ్లం వల్ల మూర్ఛలు రావచ్చని కూడా గుర్తుంచుకోండి. బయటికి కదలిక కనిపించని మూర్ఛను మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ మాత్రమే పట్టుకుంటుంది.

రెండోది నాకు ఎక్కువ బాధ కలిగించేది. ట్యూబు తీసేశారు, రోగి నిశ్శబ్దంగా పడుకున్నారు, స్కోరు మైనస్ 1. "సహకరిస్తున్నారు, ఇబ్బంది లేదు" అని నోట్. ఆ నిశ్శబ్దం డెలీరియం కావచ్చు. మైనస్ 3 నుంచి పైన ఉన్న ప్రతి రోగికీ డెలీరియం ఉందో లేదో చూసే క్యామ్ ఐసీయూ పరీక్ష చేయవచ్చు. పది అక్షరాలు ఒకటొకటిగా చదువుతూ, చెప్పిన అక్షరం వచ్చినప్పుడల్లా చేయి నొక్కమంటాం. రెండు కంటే ఎక్కువ తప్పులు వస్తే శ్రద్ధ నిలవడం లేదని అర్థం. రోగికి ఇంట్లో మాట్లాడే భాషలోనే అడగాలి, కళ్లద్దాలూ వినికిడి యంత్రమూ పెట్టాకే అడగాలి. గోల చేసే రోగిని అందరూ చూస్తారు, మౌనంగా దారి తప్పినవారి దగ్గరకు మనమే వెళ్లాలి.

రెండోపుట్టుక, గతంలో రోగి

తొలిఝాము గారూ, నిరభ్యంతరంగా పెట్టుకోండి. పేరు లేకుండా పెడితే చాలు.

తొలిఝాము, స్టాఫ్ నర్సు

ధన్యవాదాలండీ. మా ఇన్‌ఛార్జి సిస్టర్‌తో మాట్లాడాను. చార్టులో రాస్ గడి పక్కన లక్ష్యం, సీపాట్, ఉష్ణోగ్రత అనే మూడు గడులు చేతితో గీసుకుని ఈ రాత్రి నుంచి వాడుతున్నాం. షిఫ్ట్ మారేటప్పుడు వెళ్లేవారూ వచ్చేవారూ మంచం దగ్గర కలిసి ఒకేసారి స్కోరు వేయాలని అనుకున్నాం. ఇవాళ ఎనిమిది మంది రోగుల్లో ఆరుగురి విషయంలో ఇద్దరి అంకె ఒకటే వచ్చింది. మిగిలిన ఇద్దరి దగ్గర మైనస్ 1, మైనస్ 2 మధ్య తేడా వచ్చింది, గడియారం చూసి పది సెకన్లు లెక్కపెట్టాక అదీ తీరింది. ఆ పెద్దాయన మొన్న వార్డుకు మారారు. వెళ్లేముందు ఆయన వినికిడి యంత్రం నేనే చెవికి పెట్టాను.